పగిలిన ట్యూబు ఎవరిదని అడిగిన మనిషి

పై ఆఫీసు నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి చొక్కా జేబులో బొటనవేలంత సీసా ఉంది. సీసాలో పశువుల నుంచి మనుషులకి జ్వరం తెచ్చే పురుగు ఉంది. కంటికి కనబడనంత మాత్రాన లేనట్టు కాదు. పక్క ఊళ్ళో స్నేహితుడి లాబ్‌లో చూపించి సాయంత్రానికల్లా తెచ్చేస్తానన్నాడాయన. వెనక నలుగురు, ముందు ఒకడు, మధ్యలో ఆయన. పశువుల రోగాలు పరీక్షించే ఆ లాబ్ గుమ్మంలో మాత్రం ఆవిరి మేస్త్రి, గడియ వేసినట్టు అడ్డంగా.

"సంతకాలు కావాలండి. ఒకటి మీది, ఒకటి మా పెద్దసారుది. సీసా డబ్బాలో పెట్టాలి, ఆ డబ్బా ఇంకో పెట్టెలో పెట్టాలి. అప్పుడు కదలాలి."

"నేనెవరో తెలుసా నీకు?"

"మీరెవరో నాకు తెలుసండి. జేబులో ఉన్నదానికి తెలీదు."

కడిగే తొట్టి దగ్గరున్న సీసాలమ్మ చేతిలోంచి బ్రష్షు జారి సబ్బునీళ్ళలో పడింది. నవ్వు బయటికి రాకుండా ముక్కు చీదినట్టు నటించింది. పెద్దమనిషి మొహం కందగడ్డయింది. ఆయన పెద్దసారు వంక చూశాడు. పెద్దసారు పైకప్పుకేసి, అక్కడేదో రాసున్నట్టు శ్రద్ధగా చూశాడు. గడియారంలో పెద్దముల్లు పావుచుట్టు తిరిగింది. చివరికి సీసా జేబులోంచి బయటికొచ్చి ట్రేలో కూర్చుంది. పెద్దమనిషి సంతకం పెట్టలేదు, సీసా తీసుకెళ్ళలేదు, వచ్చిన కారులో వచ్చినట్టే వెళ్ళిపోయాడు.

ఆ రోజు మేస్త్రి గెలిచాడని అందరూ అన్నారు. సీసాలమ్మ అందరికంటే ఎక్కువగా అంది. ఆ గెలుపు ఎంతకి తెగిందో అప్పటికి ఎవరికీ తెలీదు.

ఆ లాబ్‌కి చుట్టుపక్కల నుంచి ఆవుల రక్తం, మేకల రక్తం, పాలు పరీక్షకి వచ్చేవి. పురుగు తగిలిన ప్రతి వస్తువూ, ట్యూబు కానీ గ్లౌజు కానీ దూది కానీ, బయటికి పోయేముందు బీరువా అంత ఆవిరి యంత్రంలో ఉడకాల్సిందే. ఆ యంత్రం మేస్త్రిది. అక్కడ ఉడికింది ఎవరూ తినరు, అయినా అంత శ్రద్ధగా ఎవరింట్లోనూ వంట జరగదు. వేడి ఎంత, ఒత్తిడి ఎంత, ఎన్ని నిమిషాలు, అన్నీ రాసుకునేవాడు. సంచులు కుక్కి పెడితే మధ్యలోకి ఆవిరి పోదని, ఒక్కో సంచికీ ఊపిరాడే చోటు వదిలేవాడు. ఉడికిన గాజుసామాను సీసాలమ్మ దగ్గరికి వచ్చేది. కడగడం, ఆరబెట్టడం, లెక్కపెట్టడం ఆవిడ పని. చదివింది మూడో తరగతి. ఆ మూడు తరగతులతోనే, ముప్పై ఏళ్ళు చదివినవాళ్ళు పోగొట్టుకున్న మూతల లెక్క తేల్చి చెప్పేది.

మేస్త్రి కంటే ఆవిడ రెండేళ్ళు పెద్ద. అతను వదినా అనేవాడు, ఆవిడ మరిదీ అనేది. చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరి నోళ్ళూ ఒకే కొలిమిలో కాగినవి, అదే చుట్టరికం.

లాబ్‌కి రాకముందు మేస్త్రి ఒక ఆసుపత్రి చాకిరేవులో బాయిలరు దగ్గర పనిచేశాడు. అతని బావ కూడా అక్కడే, దుప్పట్లు విదిలించి మరలో వేసే పని. ఒకరోజు దుప్పటి మడతలో ఎవరో వదిలేసిన సూది బావ అరచేతిలో దిగింది. కట్టు కట్టుకుని పని చేసుకున్నాడు. కొన్ని నెలలకి కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది, మనిషి పోయాడు. అక్క ఒక పెట్టెతో తమ్ముడింటికి వచ్చేసింది. అప్పటి నుంచీ మేస్త్రికి అజాగ్రత్త అంటే మంట. పెళ్ళి కూడా చేసుకోలేదు. "ఈ మనిషికి పెళ్ళామై వచ్చే దానికి రోజూ చేతులు కడిగి చూపించాల్సొస్తుంది, ఎవరొస్తారు?" అనేది అక్క.

మంట ఉండటం తప్పు కాదు. కాని జేబులో సీసా గొడవ గెలిచాక ఆ మంటకి చప్పట్లు తోడయ్యాయి. క్యాంటీనులో కొత్తవాళ్ళకి ఆ కథ చెప్పేవారు, చెప్పమని మేస్త్రినే అడిగేవారు, అతనూ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ పెద్దమనిషి కొంచెం పొట్టివాడయ్యేవాడు, మేస్త్రి కొంచెం పొడుగయ్యేవాడు.

ఆ ఊపులోనే అలమర పెట్టాడు. లోపలి గదుల తలుపు పక్కన, ఎవరు వెళ్ళినా వచ్చినా కంటపడేలా. తప్పు డబ్బాలో వేసిన సూది, చిల్లుపడ్డ గ్లౌజు, మూత పెట్టకుండా వదిలేసిన సీసా, ఏది దొరికినా ఆవిరిలో ఉడికించి, గాజు జాడీలో పెట్టి, అలమరలో నిలబెట్టేవాడు. కింద అట్టముక్క మీద రాసేవాడు: ఇది ఎవరి ఘనకార్యం?

జనం ఆగి చూసి నవ్వేవారు. సీసాలమ్మా నవ్వింది. పైగా ఒకటి రెండు జాడీలు తనే కడిగి ఇచ్చింది. అక్కడితో ఆగిందా అంటే అదీ లేదు. "మరిదీ, ఈ వారం సరుకేం రాలేదా? దుకాణం మూసేస్తావా ఏం?" అని ఎగదోసేది. రోజూ నాలుగింటికి మేస్త్రి గదులన్నీ ఒక చుట్టు తిరిగేవాడు. మూడున్నర నుంచే లోపల చేతులు తడబడేవి. భయంతో చేసిన పని శుభ్రంగానే ఉంటుంది, కాకపోతే శుభ్రంగా లేనిదేదో కనబడకుండా పోతుంది. ఈ సంగతి ఇద్దరికీ తట్టలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పిల్లలకి చెప్పే వయసువాళ్ళే ఇద్దరూ.

రక్తం పరీక్షించే గదిలో ఒక అమ్మాయి చేరి ఎనిమిది నెలలైంది. సన్నగా ఉండేది, మెట్లు రెండేసి చొప్పున గెంతేది, అందుకని పిచ్చుక అనేవారు. రక్తం ట్యూబుల్ని గిర్రున తిప్పి నీరూ నెత్తురూ వేరుచేసే మిషను ఆమె చేతికింద ఉండేది. కడిగే గదిలో దాన్ని గిరగిర అనేవారు. గిరగిరలో ట్యూబు పగిలితే ఏం చెయ్యాలో గోడమీద రాసే ఉంది. మూత తియ్యకూడదు. అందరూ బయటికి వచ్చెయ్యాలి, తలుపు వేసి అరగంట ఆగాలి, పైవాళ్ళకి చెప్పాలి. పగిలిన రక్తం లోపల పొగమంచులా లేస్తుంది, అది కిందికి దిగాకే మూత ముట్టుకోవాలి.

ఒకరోజు మూడూ నలభైకి గిరగిరలో టక్కుమని చప్పుడైంది. పిచ్చుక మిషను ఆపింది. గడియారం చూసింది. నాలుగింటికి మేస్త్రి వస్తాడు. అరగంట ఆగితే నాలుగూ పదికి అతను తలుపు ముందు నిలబడి ఉంటాడు. మూత తీసేసింది. మొహానికి మామూలు గుడ్డ మాస్కు. వంగి, దూదితో రక్తమంతా తుడిచి, గాజుముక్కలు ఏరి, గ్లౌజులో చుట్టి, ఇంకో గ్లౌజులో దాచి, చెత్తసంచి అడుగున పెట్టింది. నాలుగింటికి మేస్త్రి వచ్చేసరికి గది అద్దంలా ఉంది. "శభాష్, ఇలా ఉండాలి" అని కూడా అన్నాడు.

మర్నాడు పొద్దున ఉడికి వచ్చిన ట్యూబుల స్టాండు సీసాలమ్మ లెక్కపెట్టింది. ఇరవై నాలుగుండాలి, ఇరవై మూడున్నాయి.

"ఏమే పిచ్చుకా, ఒక పిల్ల తక్కువైంది, ఎవరింటికి కాపురానికి పంపావు?"

"తెలీదు పెద్దమ్మా."

ఆ పిల్ల మొహం గోడకి సున్నం వేసినట్టు తెల్లబోయింది. సీసాలమ్మ చూసింది. చూసి ఊరుకుంది. లెక్క తప్పితే ఊరంతా ఏకం చేసే మనిషి, ఆ రోజుకి నడుం నొప్పో, పోనీలే అన్న బద్ధకమో, ఊరుకుంది. ఆ తరవాత ఎన్నిసార్లు తలుచుకుందో ఆవిడకే తెలుసు. అడగాల్సిన ఒక్కరోజూ అడగని నోరు, మిగతా రోజులు ఎంత వాగితే ఏం లాభం?

అదే పూట మేస్త్రి ఉడికిన సంచులు దించుతుంటే ఒక సంచిలోంచి గాజుకోర బయటికి పొడుచుకొచ్చింది. పట్టకారుతో లాగాడు. గ్లౌజు లోపల గ్లౌజు, లోపల ట్యూబు అడుగుసగం. పట్టకారు పైకెత్తి వరండా అంతా తిరిగాడు. "ఎవరిది తల్లీ ఇది? ఎవరిది నాయనా? ఎవరూ కనలేదా, దానంతటదే పుట్టిందా?" అందరూ నవ్వారు. పిచ్చుక కూడా నవ్వింది. మధ్యాహ్నానికి ఆ ముక్క జాడీలోకి ఎక్కింది, జాడీ అలమర ఎక్కింది.

అది ఎలా పగిలింది, ఎక్కడ పగిలింది, పగిలినప్పుడు పక్కన ఎవరున్నారు, ఈ మూడు అడగలేదు మేస్త్రి. ఎవరిదని ఒక్కటే అడిగాడు.

మూడు వారాలకి పిచ్చుకకి సాయంత్రం పూట జ్వరం రావడం మొదలైంది. రాత్రికి పక్క తడిసేలా చెమట, పొద్దున్నకి ఏమీ లేదు. వారం బాగుండేది, మళ్ళీ వచ్చేది. నడుం, మోకాళ్ళు ఒకటే నొప్పులు. సందు చివరి డాక్టరు ఒక మందిచ్చాడు, బజారు డాక్టరు ఇంకో మందిచ్చాడు. ఉద్యోగం ఏమిటమ్మా అంటే ఆఫీసు పని అని చెప్పింది. సెలవు పెట్టింది, సెలవు పొడిగించింది. లాబ్‌లో "సుకుమారం" అన్నారు. సీసాలమ్మ కూడా అంది, "గాలికి ఎగిరే పిల్లని గాలే కొట్టింది" అని.

రెండు నెలల పది రోజులకి, ఒక ఆదివారం, పిచ్చుకని ఆసుపత్రిలో చేర్చారని విని సీసాలమ్మ చూడటానికి వెళ్ళింది. మంచానికి ఎడమపక్క నిలబడి పలకరించింది. పిచ్చుక కిటికీ వంకే చూస్తోంది.

"ఏమే, పెద్దమ్మ వస్తే పలకవేం? అంత గొప్పదానివైపోయావా?"

పిచ్చుక తిరగలేదు. మంచం అవతల కూర్చున్న వాళ్ళమ్మ లేచి, "ఇటుపక్కకి రండమ్మా. ఆ చెవి వినబడట్లేదు, నాలుగు రోజులైంది" అంది.

సీసాలమ్మ మంచం చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళింది. ఆ నాలుగడుగుల్లో ఇరవై మూడు ట్యూబుల స్టాండు కళ్ళముందు నిలిచింది. కూర్చుని, పిల్ల చెయ్యి పట్టుకుని, ఎన్నడూ లేనంత మెల్లగా అడిగింది.

"ఆ ట్యూబు నీ దగ్గరే పగిలిందా తల్లీ?"

పిచ్చుక ఏడ్చింది. చెప్పింది. మూత తీసిన సంగతి, వంగి తుడిచిన సంగతి, అన్నీ.

"డాక్టర్లకి ఎందుకు చెప్పలేదే?"

"చెబితే ట్యూబు నాదని తెలిసిపోతుంది కదా పెద్దమ్మా. రోజూ ఆ జాడీ ముందు నుంచే కదా వెళ్ళాలి. జ్వరమే కదా, తగ్గిపోతుందనుకున్నా."

మేస్త్రి ఇల్లు దర్జీ దుకాణం మీద రెండు గదులు. సీసాలమ్మ ఆ ఇరుకు మెట్లు ఎక్కేసరికి ఊపిరి అందలేదు. మేస్త్రి కిరోసిన్ స్టవ్ వత్తులు కత్తిరిస్తున్నాడు. అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. సీసాలమ్మ గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పింది. తను ఊరుకున్న సంగతి కూడా దాచలేదు.

మేస్త్రి కత్తెర కింద పెట్టాడు. "నేను రాసిపెట్టా కదా వదినా, మూత తియ్యకూడదని. గోడమీద ఇంతేసి అక్షరాలు..."

అక్క చేటలోంచి తలెత్తకుండా అడిగింది.

"మీ బావకి గుచ్చుకున్న సూది ఎవరు వదిలేశారో ఇప్పటికీ తెలిసిందా నీకు?"

"లేదు."

"అప్పుడే తెలిసుంటే ఏం చేసేవాడివి?"

"నరికేసేవాణ్ణి."

"అందుకే ఎవరూ చెప్పలేదురా. ఆ రోజే ఎవరో ఒకరు చెప్పుంటే, ఏ రోగి సూదో తెలిసేది, ఇంజెక్షన్ పడేది."

మేస్త్రి చెప్పులు వేసుకున్నాడు. ఒక కాలికి తనది, ఒక కాలికి అక్కది. చూసుకోలేదు. అలాగే ఆసుపత్రికి పరిగెత్తాడు, డాక్టర్లకి పురుగు పేరు తనే చెప్పాడు, రక్తం అప్పటికప్పుడు పరీక్షకి పంపించాడు. అదే తేలింది. నెలల తరబడి మింగాల్సిన మాత్రలు రాశారు. జ్వరం లొంగింది. నొప్పులు తగ్గాయి. ఎడమచెవి మాత్రం తిరిగి రాలేదు. నెల ముందు వచ్చుంటే చూసేవాళ్ళమన్నాడు డాక్టరు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో మేస్త్రికి ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆసుపత్రికి పరిగెత్తిన మర్నాడు పొద్దున్నే లాబ్‌కి వచ్చి అలమర తనే విప్పేశాడు. జాడీలు ఒక్కొక్కటే దించి తెచ్చి కడిగే తొట్టిలో పెట్టాడు. ఎవరూ నవ్వలేదు.

విచారణ జరిగింది. పెద్దసారు గదిలో కాగితం చదివారు. టెక్నీషియను నియమం ఉల్లంఘించింది, ప్రమాదం దాచింది, కాబట్టి బాధ్యత ఆమెదే. ట్యూబుల లెక్కకి సాక్ష్యంగా పిలిచిన సీసాలమ్మ గోడవారన నిలబడి ఉంది.

"సార్, నా పేరు కూడా రాయండి" అన్నాడు మేస్త్రి.

"మీరేం చేశారు? మీ డ్యూటీ మీరు చేశారు."

"నేను భయపెట్టాను సార్. ఆ పిల్ల మూత తీసింది పురుగంటే భయం లేక కాదు. నేనంటే భయమెక్కువై."

"అది రిపోర్టులో ఎక్కడ రాయాలండీ? దానికి గడి లేదు."

"గడి గీయండి."

"చూడండి మేస్త్రిగారూ, మీలాంటి గట్టి మనిషి ఉండబట్టే ఈ లాబ్ నిలబడింది. ఆ రోజు పై ఆఫీసాయన్ని ఎలా నిలబెట్టారు! మీమీద మచ్చ పడనిస్తానా?"

మేస్త్రి ఇంకా ఏదో అనబోయాడు. పెద్దసారు అప్పటికే కాగితం మడిచేశాడు. సీసాలమ్మకైనా నోరు పెగిలిందా? "నేనూ ఎగదోశానండీ" అని నాలుక చివరిదాకా వచ్చింది, అక్కడే ఉండిపోయింది. కాగితం ఉన్నదున్నట్టే పైకి వెళ్ళింది. పిచ్చుకకి మెమో వచ్చింది. లోపలి గదుల్లోకి రాకూడదని ముందు భవనంలో ఫైళ్ళ గదికి మార్చారు. ఆమె ఎదురుపడితే మేస్త్రి కుడిపక్కకి తిరిగి వెళ్ళి పలకరించేవాడు. "బాగున్నా మేస్త్రిగారూ" అని నవ్వేది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే అతనికి కాస్త నిద్ర పట్టేదేమో.

ఆ తరవాత మేస్త్రి నాలుగింటి చుట్టు మానలేదు కాని, తలుపు తీసేముందు దగ్గేవాడు. లోపలికి వెళ్ళి, "ఇవాళ ఏమైనా ఇబ్బంది పడ్డారా అమ్మా?" అని అడిగేవాడు. అందరూ లేదండీ అనేవారు. నిజంగానే లేదో, ఇంకా భయమే పలుకుతోందో అతనికి అంతుపట్టేది కాదు. ఏళ్ళ తరబడి పేరుకున్న భయం ఒక దగ్గుతో పోతుందా?

మేస్త్రి రిటైరవడానికి ఇంకో నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం పూట కడిగే గదిలోకి వచ్చి తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాడు. సీసాలమ్మ ట్యూబులు కడుగుతోంది. ఆవిణ్ణి అరవై దాటినా రోజుకూలీ మీద ఉంచుకున్నారు, ఆ లెక్క ఇంకెవరికీ తెలీదు కనక.

"సోమవారం ఆరుగురు కొత్తవాళ్ళు చేరుతున్నారు వదినా. నేనుండను. పగలగొట్టినవాళ్ళు ముందుగా నీ దగ్గరికి రావాలని పెద్దసారుకి చెప్పాను. సరేనన్నారు."

"నా దగ్గరికా? పులి నోట్లోంచి తీసి ఎలుగు నోట్లో పెడుతున్నావా?"

"నీకు ట్యూబుల లెక్క తెలుసు. తక్కువైతే నీకే ముందు తెలుస్తుంది. వాళ్ళకి నా కథ చెప్పు. పిచ్చుక దాచిందని చెప్పకు. నేను దాచేలా చేశానని చెప్పు."

"నేనూ చేశానుగా. అది కూడా చెబుతాలే."

"చెప్పు. చెప్పాక, ఎవరైనా వచ్చి పగిలిందంటే, ఎవరు, ఎందుకు అని అడక్కు. 'చెప్పావు, మంచి పని చేశావు. గది మూసి వచ్చావా? రా, కూర్చో' అను. మిగతావి తరవాత."

"నా నోటికి ఆ మాట తిరగదు మరిదీ. అరవై ఏళ్ళ నోరు. చూద్దాంలే, ఆ రోజొచ్చినప్పుడు."

"ఆ రోజుకి ఆ మాట రాదు వదినా. నోరు తెరిచేసరికి పాతమాటే వస్తుంది. నాకు తెలుసు కదా." మేస్త్రి బకెట్టు మీంచి లేచాడు. గుమ్మం బయటికి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసి, రెండుసార్లు తట్టి, మళ్ళీ తీశాడు. చేతులు ముందుకి కట్టుకుని, తల కొంచెం వంచి, గడప అవతలే నిలబడ్డాడు.

"నేను కొత్తగా చేరినవాణ్ణి అనుకో. గిరగిరలో ట్యూబు పగిలింది పెద్దమ్మా, నా చేతిలోనే. ఏదీ, ఒక్కసారి అను."